తల ఒక గదిలో, నడుము ఒక గదిలో

మా రవాణా సంస్థలో బస్సు చెడిపోతే గ్యారేజీకి పంపుతారు, మనిషి చెడిపోతే మా ఆసుపత్రికి పంపుతారు. గ్యారేజీలో పనిముట్లు ఎక్కువ. మా దగ్గర డాక్టర్ పుండరీకాక్షం గారు, ఒక కాంపౌండరు, ఫైళ్లు రాసుకునే నేను, అందరికీ మించి గంగరత్నం ఉండేవాళ్లం. బస్టాండుని ఆనుకుని ఒక వరండా, ఆ వరండాలో ఒక బల్ల, లోపల రెండు గదులు. అంతే ఆసుపత్రి.

రికార్డుల ప్రకారం గంగరత్నం ఉద్యోగం పేరు మర్దన సహాయకురాలు, నాలుగో తరగతి. యాభై నాలుగేళ్ల మనిషి. డ్రైవర్ల నడుములు, కండక్టర్ల భుజాలు, మెకానిక్కుల మెడలు ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతిలోనే బాగుపడుతూ వచ్చాయి. డాక్టరు గారు మాత్ర రాసిచ్చి, "ఒకసారి గంగరత్నానికి చూపించుకుని వెళ్లు" అనేవారు. చాలామంది మాత్ర మర్చిపోయి ఆవిడ దగ్గరికి మాత్రం మర్చిపోకుండా వెళ్లేవారు.

ఆవిడ పద్ధతి పెద్ద రహస్యమేం కాదు. అరచేతులు రెండూ రాపాడించి వెచ్చజేసుకునేది. గోరువెచ్చటి నువ్వులనూనె రాసేది. "ఎక్కడ నాన్నా? ఇక్కడేనా? ఇంకాస్త కిందకా?" అని అడుగుతూ వేలు పోనిచ్చేది. బిగుసుకున్న చోట వేలు ఆగేది. "ఇదిగో, దొరికింది. ఇప్పుడు ఊపిరి తీసుకో. మెల్లగా వదులు. నా వేలెక్కడుందో నీ బుద్ధి కూడా అక్కడే పెట్టు" అనేది. మనిషి ఊపిరి వదులుతుంటే బొటనవేలితో నెమ్మదిగా నొక్కేది. పావుగంటకి డ్రైవరు లేచి చొక్కా గుండీలు పెట్టుకునేవాడు.

ఇలా ఇరవై రెండేళ్లు ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల బాగానే జరిగింది.

ఒకరోజు ప్రధాన కార్యాలయం నుంచి చిదంబరేశ్వరరావు గారు తనిఖీకి వచ్చారు. ఉద్యోగుల శ్రేయస్సు విభాగానికి ఆయన ప్రత్యేకాధికారి. ఆ మధ్యనే ఏదో కొండమీద పది రోజుల శిబిరానికి వెళ్లొచ్చారు. అక్కడ పది రోజులూ మాట్లాడనివ్వలేదట. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నారు. వచ్చినప్పటి నుంచీ సావధానత గురించి చెబుతూనే ఉన్నారు. టీ ఇస్తే, "టీ తాగుతున్నప్పుడు టీ తాగుతున్నానని తెలుసుకుని తాగాలి" అని వివరించారు. వివరించేలోగా టీ చల్లారిపోయింది.

అప్పుడే లోపలి గదిలోంచి, ఒక డ్రైవరు నడుం రుద్దుతున్న గంగరత్నం గొంతు వినపడింది. ఆయన గుమ్మంలోకెళ్లి నిలబడిపోయారు.

"అమ్మా, మీరిప్పుడు ఏమన్నారు?"

"ఊపిరి వదలమన్నానండి."

"దానికి ముందు?"

"నా వేలెక్కడుందో నీ బుద్ధి అక్కడ పెట్టు అన్నానండి. ఈడు సెల్లులో వీడియోలు చూత్తన్నాడండి. బుద్ధి అక్కడుంటే నడుం ఎలా వదులుద్దండి?"

"ఈ విద్య మీకెవరు నేర్పారు?"

"మా అత్తగారండి. బాలింతలకి నీళ్లు పోసేదండి ఆవిడ."

చిదంబరేశ్వరరావు గారు డాక్టరు గారి వైపు తిరిగారు. కళ్లలో తడి కూడా ఉందనుకుంటాను. "డాక్టర్ గారూ! మనసునూ హస్తాన్నీ ఏకీకృతం చేసి నొప్పిని ఉపశమింపజేసే అత్యాధునిక పద్ధతి ఇది. విదేశాల్లో దీనిమీద సదస్సులు నడుస్తున్నాయి. అలాంటిది మన సంస్థలో, ఈ వరండా పక్కన, ఇరవై రెండేళ్లుగా..." అని ఆగి, టికెట్టు లేని ప్రయాణికుణ్ణి పట్టుకున్నట్టు గొంతు తగ్గించి, "అనధికారికంగా జరుగుతోంది!" అన్నారు.

రెండు వారాలకి సర్క్యులర్ వచ్చింది. దాని పేరు సావధాన హస్త చికిత్సా పథకం. డాక్టరు గారు కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, "నువ్వే చదువు కామేశం" అన్నారు. నేను చదివాను.

"ఒకే ఉద్యోగి మానసికము, హస్తసంబంధము అను రెండు భిన్న స్వభావములు గల విధులను ఏకకాలమున నిర్వర్తించుట సేవా నిబంధనలకు విరుద్ధమైనందున, సదరు విధులను మనోవిభాగము, హస్తవిభాగముగా తక్షణమే విడదీసి, అనంతరము ఏకీకృతము చేయవలసినదిగా ఆదేశించడమైనది."

"కలిసే ఉన్నదాన్ని విడదీసి మళ్లీ కలపడం ఏమిటయ్యా?" అన్నారు డాక్టరు గారు.

"విడదీయకుండా ఉంచితే మనం కలిపినట్టు రికార్డు ఉండదు కదండీ" అన్నాను. ఆయన ఫైలు మీద "చూడనైనది" అని రాసి సంతకం పెట్టారు. రిటైరుమెంటు దగ్గరపడిన మనిషి.

మనోవిభాగానికి కాంట్రాక్టు మీద సావధాన సమన్వయకర్త వస్తాడు. మాట్లాడటం ఆయన పని, ముట్టుకోకూడదు. గంగరత్నం హస్తవిభాగం. ముట్టుకోవడం ఆవిడ పని, మాట్లాడకూడదు. ఆ విధుల పట్టిక టైపు చేసింది నేనే. వినిపించింది కూడా నేనే.

"మాటాడకుండా రుద్దాలా?" అంది గంగరత్నం. "నోరు మూసుకుని రుద్దితే గోడకి సున్నం కొట్టినట్టుంటది నాన్నా. ఎక్కడ బిగిసిందో అడగొద్దా?"

"మనోవిభాగం వారు అడుగుతారమ్మా."

"మరి నాకెవరు చెబుతారు?"

"ఫారం వస్తుంది."

ఆవిడ నూనెగిన్నె మీద మూత పెట్టి, చేతులు తుడుచుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో అడిగింది. విధుల పట్టికలో తప్పులేమైనా దొర్లాయేమోనని రెండుసార్లు చూసుకున్నాను. ఒక్కటీ లేదు.

కొత్త పథకం కింద మొదట నమోదైన రోగి ధనకుమారి. నర్సాపురం ఆర్డినరీ బస్సులో పదిహేనేళ్లుగా కండక్టరు. ఒక భుజాన డబ్బుల సంచీ, మెడలో టికెట్ల మిషను, బస్సు నిండా జనం, ఎక్కడా పట్టుకోకుండా నిలబడగలిగే మనిషి. ఆ మధ్య ఒక గేదె అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు వేసినప్పుడు ఎడంపక్క నడుం కలుక్కుమంది. అప్పటి నుంచీ సిక్ లీవులో ఉంది. ఆరు వారాల్లో మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. ఫిట్ అంటే మళ్లీ బస్సు. అన్‌ఫిట్ అంటే పార్సిల్ ఆఫీసులో కుర్చీ.

"కుర్చీ ఇస్తే మంచిదే కదా ధనకుమారీ" అన్నాను ఓసారి.

"మీకు మంచిదేనండి, కూర్చోడం మీకు అలవాటు" అంది. "నేను ఇంట్లో కంటే బస్సులో ఎక్కువ బతికానండి. ఎవరెక్కడ ఎక్కుతారో, ఎవరు చిల్లర దాచుకుని నోటిస్తారో, ఏ ముసలమ్మ దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవాలో నాకు తెలుసండి. పార్సిళ్లతో ఏం మాటాడతానండి నేను?"

సమన్వయకర్త పేరు తేజోమూర్తి. ముప్పై ఏళ్లుంటాయి. తెల్ల లాల్చీ, చెంప పక్కన చిన్న మైకు, చేతిలో ఇత్తడి గంట. మైకు ఎందుకో మాకు తెలియదు, గదిలో ఆయన, రోగి తప్ప ఎవరూ ఉండరు. ఆయన కింద కూర్చోవడం కోసం ఖరీదైన తివాచీ పరిచారు.

"అమ్మా, కళ్లు మూసుకోండి. ఇప్పుడు ఏం గమనిస్తున్నారు?"

"నొప్పండి."

గంట మోగింది. "నొప్పి అనకండి. సంవేదన అనండి."

"ఏదో ఒకటి అనుకోండి బాబూ. ఎడంపక్క, నడుం దగ్గర."

"ఎడమ, కుడి అనేవి మనసు గీసుకున్న గీతలమ్మా."

"ఓసారి మా బస్సెక్కు నాయనా. ఎడంపక్క దిగాల్సినోడు కుడిపక్క దిగితే ఎదర నుంచి లారీ వచ్చి ఏ గీత ఎవరు గీశారో చెబుద్ది."

తేజోమూర్తి చిరునవ్వు నవ్వి, ఫారంలో 'సంవేదన: సర్వత్రా వ్యాపించి ఉన్నది' అని రాసి హస్తవిభాగానికి పంపాడు. గంగరత్నం ఆ ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడ అన్నది అందులో లేదు. అడగడానికి వీల్లేదు. ఊహించి కుడిపక్క వేలు పెట్టింది.

"అమ్మో! పిన్నిగారూ, అటు కాదండీ, ఇటు!" అని ధనకుమారి పక్క గదికి వినపడేలా అరిచింది.

గంట మోగింది. రోగి హస్తవిభాగాన్ని నేరుగా సంబోధించరాదు. ఏమైనా ఉంటే సమన్వయకర్త ద్వారా తెలియజేయవలెను. ధనకుమారి సమన్వయకర్తకి చెప్పింది. సమన్వయకర్త ఫారం రాశాడు. ఫారం నా దగ్గరికి వచ్చింది. నేను నంబరు వేసి పంపాను. అది గంగరత్నానికి చేరేసరికి ధనకుమారి టైము అయిపోయింది.

వారం తిరక్కుండా ఆడిట్ వాళ్లు వచ్చారు. వాళ్లు నొప్పి గురించి అడగలేదు. టైములు చూశారు. మనసు పది గంటలకి మొదలై పదీ పదిహేనుకి ముగుస్తోంది, చెయ్యి పదీ ఇరవైకి మొదలవుతోంది. "ఇది ఏకీకృతం ఎలా అవుతుంది? ఇది ఒకదాని తర్వాత ఒకటి" అని అభ్యంతరం రాశారు. అభ్యంతరంలో న్యాయం ఉంది. రెండూ ఒకేసారి మొదలు కావాలని చిదంబరేశ్వరరావు గారు ఆదేశించి, డిపో నుంచి కండక్టరు విజిలు ఒకటి ఇప్పించి నన్ను సమకాలీకరణ బాధ్యుడిగా నియమించారు. మనసుకీ చేతికీ మధ్య నిలబడి విజిలు ఊదడం నా పని.

మొదటి రోజు బల్ల మీద ఇరవై ఏళ్ల సర్వీసున్న డ్రైవరు ఉన్నాడు. నేను ఊదాను. అలవాటు కొద్దీ అతను కుడికాలు బ్రేకు మీద తొక్కినట్టు తన్ని పట్టేశాడు. నడుంతో పాటు పిక్క కూడా పట్టేసింది. ఇద్దరం పట్టుకుని దింపాం. రిజిస్టరులో మాత్రం ఆ రోజు మనసూ చెయ్యీ ఒకే నిమిషానికి మొదలైనట్టు నమోదైంది. అది నిజం కూడా.

ఇక్కడితో ఆగేదేమో గానీ తివాచీ మీద నూనె పడింది.

ఒకేసారి మొదలు కావాలని ఇప్పుడు ఒకే గదిలో రెండూ జరుగుతున్నాయి కదా. హస్తవిభాగం నూనె మనోవిభాగం తివాచీ మీద నాలుగు చుక్కలు పడింది. తివాచీ ఆస్తుల జాబితాలో ఉంది. తేజోమూర్తి నూనె వాసనకి ఏకాగ్రత చెదురుతోందని లేఖ కూడా పెట్టాడు. రెండు విభాగాలూ రెండు గదుల్లో ఉండాలి, కానీ రోగికి రెండూ ఒకేసారి అందాలి. దీనిమీద మూడు గంటలు సమావేశం జరిగింది. మినిట్స్ నేనే రాశాను. చివరికి చిదంబరేశ్వరరావు గారే దారి చూపించారు.

"రోగిలో మనసు ఉండే భాగం ఏది? తల. చెయ్యి పనిచేసే భాగం ఏది? నడుము. తల ఒక గదిలో, నడుము ఒక గదిలో ఉంటే ఎవరికి అభ్యంతరం?"

ఎవరికీ అభ్యంతరం లేదు. రోగులు సమావేశానికి సభ్యులు కారు.

గోడకి కన్నం పెట్టాలని ఇంజనీరింగు విభాగానికి రాశాం. వాళ్ల దగ్గర గోడ కన్నానికి ఆమోదం పొందిన నమూనా ఒక్కటే ఉంది, రిజర్వేషన్ కౌంటరుది. కొత్త నమూనాకి ఆమోదం రావాలంటే ఏడాది పడుతుందట. అందుకని అదే పెట్టేశారు. పైన వంపు, కింద చిన్న చెక్క బల్ల, దానిమీద 'సరిపడా చిల్లర ఇచ్చి సహకరించగలరు' అన్న అక్షరాలతో సహా. ఆ అక్షరాలు నమూనాలో భాగం కాబట్టి చెరపడానికి వాళ్లు ఒప్పుకోలేదు.

ధనకుమారి బల్ల మీద బోర్లా పడుకుంది. తల కౌంటరు కన్నంలోంచి మనోవిభాగంలోకి వచ్చింది, గడ్డం చెక్క బల్ల మీద ఆనింది. మిగతా మనిషి హస్తవిభాగంలో ఉండిపోయింది. నేను గోడ చివర, రెండు గదులూ కనపడే చోట నిలబడి విజిలు ఊదాను. తేజోమూర్తి గంట వాయించి, "మీ దేహమంతటినీ ఒక్కటిగా గమనించండి" అన్నాడు.

"నా దేహం అవతల గదిలో ఉంది బాబూ" అంది ధనకుమారి తల.

మనోవిభాగం గది తలుపు వరండాలోకి ఉంటుంది. బస్టాండులోంచి వచ్చిన ఒక పెద్దాయన తెరిచిన తలుపులోంచి కౌంటరు చూశాడు. చేతిసంచీతో తిన్నగా లోపలికొచ్చి, చెప్పులతో తివాచీ మీద నిలబడి, "ఏవమ్మా, నర్సాపురం బస్సు ఎన్నింటికి?" అని ధనకుమారి మొహాన్ని అడిగాడు.

"రెండున్నరకండి. మూడో ప్లాట్‌ఫారం. ముందు సీట్లు ఎండ కొడతాయి, కుడిపక్క కూర్చోండి" అంది ధనకుమారి. పథకం మొదలయ్యాక ఆమె మొహంలో వెలుగు చూసింది నేను అప్పుడే. పెద్దాయన వంద నోటు తీసి చెక్క బల్ల మీద పెట్టాడు. గంట మోగింది. ఆయన అది టికెట్టు కోసమనుకుని చెయ్యి చాపాడు.

ఆయన్ని పంపేసి చూస్తే, అవతల గదిలో గంగరత్నం రెండు చేతులూ ధనకుమారి వీపు మీద ఆనించి ఊరికే నిలబడి ఉంది. రుద్దడం లేదు. గోడ వైపు చూస్తోంది, గోడ అవతల మనిషి మొహం చూడాలన్నట్టు.

ఆ సాయంత్రం ధనకుమారి వరండా బల్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బోర్డుకి పద్దెనిమిది రోజులే మిగిలాయి. నడుం వంగడం లేదు.

మర్నాడు పొద్దున్న గంగరత్నం నా బల్ల మీద కాగితం పెట్టింది. సిక్ లీవు దరఖాస్తు. కారణం: బొటనవేళ్ల నొప్పి.

"నిజంగా నొప్పేనా అమ్మా?"

"నోరు మూసుకుని పనిచేస్తే నా వేళ్లు పీకేత్తయ్యి నాన్నా. అబద్ధం కాదు."

లీవు మంజూరైంది. ఆవిడ ఇంటికెళ్లలేదు. కాంపౌండరు దగ్గర టోకెను తీసుకుంది, రోగిగా. వెళ్లి వరండా బల్ల మీద, ధనకుమారి పక్కన కూర్చుంది.

"ఎక్కడే?" అంది.

"ఇక్కడ పిన్నిగారూ."

"అటు తిరుగు. ఊపిరి తీసుకో."

డాక్టరు గారు కిటికీలోంచి చూసి నన్ను పిలిచారు. "కామేశం, ఒక రోగి వీపు ఇంకో రోగి రుద్దకూడదని మనకేదైనా సర్క్యులర్ ఉందా?"

నేను ఫైళ్లన్నీ తిరగేశాను. "లేదండి. వేచియుండు రోగులు వరండాలో ఉమ్మరాదు అన్నది ఒక్కటే ఉంది."

"ఉమ్ముతోందా?"

"లేదండి."

"అయితే మనకేం సంబంధం లేదు" అని ఆయన కిటికీ తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన తీసుకున్న నిర్ణయాల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఇక రోజూ అదే వరస. ఆవిడ పొద్దున్నే వచ్చి టోకెను తీసుకునేది, తన నంబరు పిలిస్తే పక్కవాళ్లకి ఇచ్చి వెనక నంబరు పుచ్చుకునేది. సాయంత్రం దాకా వరండాలోనే. ధనకుమారికి రెండు పూటలా, మిగిలినవాళ్లకి వరసలో. బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వుకుంటూ, ఊపిరి వదులుతూ, "అక్కడే అక్కడే" అంటూ ఉండేవారు. తర్వాత వాళ్ల నంబరు వచ్చేది. లోపలికెళ్లి కన్నంలో తల పెట్టి, "ఏ సంవేదనా లేదండి" అని చెప్పి వచ్చేసేవారు.

హస్తవిభాగంలో ఇప్పుడు చెయ్యి లేదు. గంగరత్నం బదులు మనిషిని ఇవ్వమని రాస్తే ప్రధాన కార్యాలయం పరిశీలనలో ఉందని జవాబిచ్చింది. పథకం ఆపకూడదు కాబట్టి రోగుల నడుములు ఆ ఖాళీ గదిలోనే పడుకునేవి. నేను టైముకి విజిలు ఊదేవాణ్ణి, టైముకి ఆపేవాణ్ణి. రిజిస్టరు అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. నెలంతా గడిచినా, చెయ్యి లేదన్న సంగతి ఏ ఫారంలోనూ కనపడలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు.

ఒక మధ్యాహ్నం తేజోమూర్తి వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. మైకు లేదు, గంట లేదు. పొద్దస్తమానం బాసింపట్టు వేసుకుని కూర్చుంటే అతని నడుమూ పట్టేసింది. కాసేపు తటపటాయించి కాంపౌండరు దగ్గర టోకెను తీసుకున్నాడు. బల్ల చివర కూర్చున్నాడు. గంగరత్నం జరుగుతూ జరుగుతూ అతని దగ్గరికి వచ్చింది.

"ఎక్కడ నాన్నా?"

"ఎడంపక్కండి" అన్నాడు మెల్లగా.

ఆవిడ వేలు పెట్టింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఊపిరి తీసుకోమని ఎవరూ చెప్పక ముందే తీసుకున్నాడు. చెప్పకపోతే బాగుండదు గానీ, కుర్రాడు చెడ్డవాడేం కాదు. తన మాటల్లో పనికొచ్చేది కొంత ఉందని ఆ రోజు మొదటిసారి అతనికే తెలిసినట్టుంది. పావుగంట తర్వాత లేచి, "అమ్మా, మీరు ఊపిరి వదలమన్నప్పుడే ఎందుకు నొక్కుతారు?" అని అడిగాడు. "ఊపిరితో పాటు బిగువు కూడా బయటికెల్తది నాన్నా, నేను దారి చూపిత్తానంతే" అందావిడ. అతను అది పుస్తకంలో రాసుకున్నాడు.

బోర్డు రోజు రానే వచ్చింది. ముగ్గురు డాక్టర్లు బల్ల అవతల కూర్చున్నారు. వంగమన్నారు, ధనకుమారి వంగింది. లేవమన్నారు, లేచింది. బల్ల పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమంటే, "పట్టుకోకుండా నిలబడమంటారా?" అని అడిగింది. ఫిట్ అని రాశారు. ఆమె బయటికొచ్చి గంగరత్నాన్ని గట్టిగా కావలించుకుంది. మర్నాడు పొద్దున్న నేను ఫైలు తెరుస్తుంటే బస్టాండులోంచి వినపడింది: "నర్సాపురం, నర్సాపురం, పాలకొల్లు మీదుగా నర్సాపురం! లోపలికి జరగండి బాబూ, మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడతారేం!" నేను కలం ఆపి ఆ గొంతు వీధి మలుపు తిరిగేదాకా విన్నాను.

నెలాఖరుకి అంకెలు వెళ్లాయి. మా ఆసుపత్రిలో పథకం నూటికి నూరు శాతం విజయవంతం. ఈ పథకం నడుస్తున్న మిగతా ఏ డిపోలోనూ పదిహేను శాతం దాటలేదు. చిదంబరేశ్వరరావు గారు ఫోను చేశారు.

"కామేశం గారూ, మీ అద్వితీయ ఫలితాలకు హేతువును విశ్లేషించి రేపటిలోగా సమర్పించండి."

ఆ సాయంత్రమే కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తే, సిక్ లీవులో ఉండి చికిత్స చేసినందుకు గంగరత్నం సస్పెండవుతుంది. పథకం వల్లే తగ్గిందని రాస్తే అబద్ధం. నేను చాలా పనికిమాలిన సంగతులు రాశాను గానీ ఫైల్లో అబద్ధం మాత్రం ఎప్పుడూ రాయలేదు. టోకెన్ల పుస్తకం తీసి చూశాను. ఎవరు ఎంతసేపు బయట కూర్చున్నారో అందులో ఉంది. చూసి ఇలా రాశాను:

"రోగులు చికిత్సా గదులలోనికి ప్రవేశించుటకు పూర్వము వరండాలో ఎంత అధిక సమయము వేచియున్నారో, వారికి అంత అధిక ఉపశమనము లభించినట్లు రికార్డుల ద్వారా తెలియుచున్నది."

ప్రతి అక్షరం నిజం. సంతకం పెట్టి పంపించేశాను.

చిదంబరేశ్వరరావు గారు స్వయంగా వచ్చేశారు. వరండా అంతా తిరిగి, బల్లని చేత్తో నిమిరి, "మనం ఇన్నాళ్లూ చికిత్సని తప్పు చోట వెతుకుతున్నాం డాక్టర్ గారూ! నిరీక్షణే చికిత్స!" అన్నారు. డాక్టరు గారు తల ఊపారు. కన్నం ఉన్న గదుల్ని యథాతథంగా కొనసాగించాలి, అది పథకం కాబట్టి. దానికి తోడు నిరీక్షణ విభాగం ఏర్పాటు చేయాలి. బల్ల పొడుగు రెట్టింపు చేయాలి. దాన్ని చూసుకోవడానికి నిరీక్షణ సహాయకురాలు అని ఒక పోస్టు సృష్టించాలి.

అదే వారంలో గంగరత్నం లీవు అయిపోయి ఆవిడా బోర్డు ముందుకెళ్లింది. ముగ్గురు డాక్టర్లు బొటనవేళ్లు అటూ ఇటూ వంచి చూశారు.

"నొప్పి ఉందా?"

"నోరిప్పకుండా పని చెయ్యమంటే ఉంటదండి."

ఆ మాట ఏ రోగం కిందికి వస్తుందో వాళ్లకి తేలలేదు. హస్తవిభాగానికి అన్‌ఫిట్ అని రాసి, ప్రత్యామ్నాయ ఉద్యోగానికి సిఫారసు చేశారు. వేళ్లతో పనిలేని ఖాళీ ఆ రోజు సంస్థ మొత్తం మీద ఒక్కటే ఉంది. ఆవిణ్ణి నిరీక్షణ సహాయకురాలిగా వేశారు.

విధుల పట్టిక ఈసారీ నేనే చదివి వినిపించాను. ఒకటే విధి ఉంది. రోగులు తగినంత సేపు వేచియుండునట్లు చూచుట.

"మాటాడొచ్చా?" అంది.

"వద్దని లేదమ్మా."

"ముట్టుకోవచ్చా?"

"వద్దని లేదు."

ఆవిడ నూనెగిన్నె తెచ్చుకుని బల్ల కింద పెట్టుకుంది. తేజోమూర్తి లోపలి గదికి తాళం వేసి, రోజూ ఓ గంట వచ్చి ఆవిడ పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు దాచుకోవాల్సిన పనిలేదు కాబట్టి ఆవిడ చెయ్యి మరింత చురుగ్గా ఆడింది. పావుగంట పట్టేది పది నిమిషాల్లో అయిపోయేది. జనం వచ్చి, కూర్చుని, లేచి, డ్యూటీకి వెళ్లిపోయేవారు. రెట్టింపు చేసిన బల్ల సగం ఖాళీగా ఉండేది. డ్రైవర్ల సిక్ లీవులు పడిపోయాయి. మా డిపోలో మనుషులు లేక ఆగిపోయే బస్సులు లేకుండా పోయాయి.

రెండు నెలలకి గంగరత్నం పేర మెమో వచ్చింది.

"మీ విభాగమున రోగుల సగటు నిరీక్షణా సమయము నలభై నిమిషముల నుండి పది నిమిషములకు దిగజారినట్లు గమనించడమైనది. ఇది విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యముగా పరిగణించి మీపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

నేను చదువుతుంటే ఆవిడ ఒక మెకానిక్కు మెడ మీద చేతులు తీయకుండా వింది. అతను కూడా విన్నాడు.

"నేను చెబుతాను, నువ్వు రాయి నాన్నా" అంది.

నేను కాగితం తీసుకున్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను:

"అయ్యా, తప్పయిపోయిందండి. నొప్పులు తొందరగా తగ్గిపోతన్నయ్యి. ఇకమీదట నెమ్మదిగా తగ్గిత్తాను. గంగరత్నం."

పదిహేను రోజులకి జవాబు వచ్చింది. సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నందున, మొదటి తప్పుగా భావించి, హెచ్చరికతో వదిలివేయడమైనది.